ఊరికే

కొర్రకోడు డ్యాముకు నీళ్ళొచ్చిన ఏడు
గాలిమరల కంచెపని బిల్లు ఒక్కసారే చేతికొచ్చింది.
అప్పులు తీరగా నలభై రెండు వేలు మిగిలినాయి.
పడవ కొందామన్నాను.

"చేపలకా?" అనింది మా యమ్మ.
కాదు.
"టికెట్టు పెట్టి తిప్పుతావా?" మా బామ్మర్ది సుంకన్న.
కాదప్పా.
"మరెందుకు?"
ఊరికే. ఆదివారం పూట, మనమే, నీళ్ళమీద, ఊరికే.

కరెంటు పోయినట్టు ఇల్లంతా ఆగింది.
మా దిక్కున ఊరికే వచ్చి ఊరికే పోయేది
ఒక్క మబ్బే.

హోస్పేటలో చూసిందొకటి:
సెకండ్ హ్యాండు ఫైబరు పడవ,
కొరమీను మూతి, పక్కన పసుప్పచ్చ గీత.
ఎక్కి కూర్చుంటే ఇంజను ఒక్క గురక పెట్టి
నీళ్ళను కొత్తగుడ్డ చించినట్టు చించింది.
నాకు నలభై ఆరేండ్లు.
ఆ చినిగిన చప్పుడులో పద్నాలుగు.
మావోడు వన్నూరు ఫోన్లో తీసుకొచ్చి
తెల్లారేదాకా దుప్పట్లో చూసుకున్నాడు.

రెండోది యాడా లేదు, నా వెల్డింగు షెడ్లోనే ఉండాది:
ఆరు నీలి డ్రమ్ములు, ఛానలు ఇనుము,
పైన పలకలు, చుట్టూ పైపు కమ్మీ.
మూతీ లేదు, తోకా లేదు.
అరుగొకటి అలిగి ఇల్లొదిలి పోతాన్నట్టుంటాది.

మా యమ్మ మోకాళ్ళు గడప ఎత్తు దాటవు.
ఆ ఫైబరుదాంట్లోకి ఎవరో ఒకరు ఎత్తి దించాల.
"నన్ను మోసేది ఒక్కసారే,
అది ఎట్లా తప్పదు, ఇప్పుడే తొందరేమి" అనింది.
తిప్పమ్మ స్టవ్వు యాడ పెట్టాలని అడిగింది,
గాలికి అడ్డం ఏముంటాదని,
ఉగ్గాని, మిరపకాయ బజ్జీ లేనిది ఏమి ఆదివారమని.
చిన్నది శివలీలకు బోర్లా పండుకొని
చెయ్యి నీళ్ళలో వదలాలంట.
వన్నూరు మూతి ముడిచి అన్నాడు:
"నాయనా, దాంట్లో పోతాం. దీంట్లో ఉంటాం, అంతే."
వాడు ఎగతాళికే అన్నాడు.
నేను ఆ మాట పట్టుకొనే వెల్డింగు రాడ్డు తీసినాను.

మొదటి ఆదివారం గాలి మమ్మల్ని ఏమీ అడగలేదు.
తెడ్డేస్తే ముందుకు పోదు, గానుగెద్దు లాగా తిరుగుతాది.
తిరిగి తిరిగి అవతలి గుట్టకింద
మునిగిన తుమ్మచెట్లకు తట్టుకొని నిలబడిపోయింది.
పొద్దు వాలేదాకా కదల్లేదు.
నూనె ఒలికింది. వన్నూరు నన్ను చూసి నవ్వినాడు.
మా యమ్మ ఆకూవక్కా నమిలి డ్యాములో ఉమ్మితే
చిన్నచేపలు ముసిరినాయి.
తిప్పమ్మ కాళ్ళు చాపి కూర్చుంది.
పెండ్లయి పంతొమ్మిదేండ్లు,
పని లేని ఆమె చేతుల్ని నేనెప్పుడూ చూడలేదు:
ఏం చేయాలో తెలీక
ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

మార్చికి నీళ్ళు కాలువల్లోకి పోయినాయి,
ఒండ్రు పెంకులు పెంకులుగా లేచింది.
పడవ ట్రాక్టరెక్కి ఇంటికొస్తే
ఊరు ఊరంతా వాకిళ్ళలోకొచ్చి చూసింది.

నాలుగు రోజులకొకసారి ట్యాంకరు.
బిందెలు బిందెలతో కొట్లాడుకునే చోట
బోల్టులు విప్పి, కడిగి,
డ్రమ్ములు వరసగా నిలబెట్టినాను.
రెండు ఎదురింటి ఫకీరమ్మకిచ్చినాను.
ఒట్టిగా ఉండి మమ్మల్ని మోసినవి
పైపు పెట్టంగానే గొంతుదాకా తాగినాయి.
శివలీల మూత తట్టి వీధికంతా వినబడేట్టు అరిచింది:
"నాయనా, పడవ నిండిపోయింది!"
నీళ్ళతో పడవ నిండితే
సంబరపడిన ఇల్లు ఇంకొకటి ఉంటాదా.

పలకలు వాకిట్లో ఇటుకలమీద పరిస్తే
ఈ ఎండాకాలానికి అందరికీ పడక.
హోస్పేటది ఎవరో కొన్నారంట, సుంకన్న చెప్పినాడు.
ఆ రాత్రి నాకు నిద్ర సరిగ్గా పట్టలేదు.
నడిజామున మా యమ్మ కండ్లు మూసుకొనే
కమ్మీ గట్టిగా పట్టుకొని
"జరగండ్రా ఇట్లా, ఒక పక్కకే ఒరుగుతాంది" అనింది.

ఎవరూ మేలుకోలేదు.
అందరూ జరిగినారు.