బల్ల మీద మెల్‌బోర్న్

పిల్లలు పడుకున్నాక
సింకులో గిన్నెలు అలాగే వదిలేసి
మెల్‌బోర్న్‌ని బల్ల మీద పరిచాం.
షెపర్టన్ నుంచి రైల్లో రెండున్నర గంటలు.

శేషు ఎర్ర పెన్నుతో గీస్తాడు:
పదింటికి మ్యూజియం, పన్నెండుకి అక్వేరియం,
నది దాటితే తోట, చీకటి పడేలోగా
ఎత్తు మేడ మీంచి ఊరంతా.
నేను నీలం పెన్నుతో మధ్యలో ఇరికిస్తాను
ఉచ్చలకి ఆగే చోట్లు,
ఒంటిగంట నిద్ర,
లిఫ్టు లేని స్టేషన్ మీద ఇంటూ.

వాడికి రెండు జతలు చాలవా అంటాడు.
పోయినసారి ట్రాములో కౌండిన్య
ఎవరి ఒళ్ళో కక్కాడో
ఈయనకి గుర్తు లేదు.
నాకు ఆ ఉన్ని కోటు రంగు కూడా గుర్తే.

పెరుగన్నం, దానిమ్మ గింజలు, తడిగుడ్డలు,
వాన కోట్లు, ఎండ టోపీలు, రెండూ.
అక్కడ ఆకాశాన్ని నమ్మలేం.
కాసేపటికి కాగితం మీద
ఊరు కనపడ్డం మానేసింది.

అప్పుడొచ్చింది మధూలిక
దుప్పటి ఈడ్చుకుంటూ, మంచినీళ్ళ వంకతో.
కుర్చీ ఎక్కి వంగి చూసింది.
"కదిలే మెట్లు ఎక్కడ?"

స్టేషన్లోనే ఉంటాయే, దిగగానే.

"అయితే ఎక్కుదాం. దిగుదాం. మళ్ళీ ఎక్కుదాం.
తమ్ముడు కిందనుంచి టాటా చెప్తాడు."

శేషు పెన్ను మూత వెతుక్కుంటున్నాడు.
చేపల టిక్కెట్లు ముందే కొన్నాం,
డబ్బులు వెనక్కివ్వరట.

అంచున కాస్త చోటుంటే రాశాను:
మెట్లు, అరగంట.
దానికింకా చదవడం రాదు.
వేలు పెట్టి కొలిచి
"ఇంత చిన్నగానా?" అంది.