పటిక నీళ్ళు

మా కాళహస్తిలో గుడ్డకి ముందు పాలు పట్టిస్తాం.
కరక్కాయ పొడీ గేదెపాలూ తాగిన గుడ్డయితే
సిరా పక్కకి పాకదు, గీసిన కాడే నిలబడతాది.
నేనూ అట్లాంటి గుడ్డనే.
నలభై నాలుగేళ్ళుగా ఒకే కొట్టంలో కూచోని
దేవుళ్ళకి కళ్ళు దిద్దతా ఉండా.

పోయిన ఆడికృత్తికకి
అందురూ కావళ్ళెత్తుకోని తిరుత్తణి పోయినారు.
నాకు కుడి బొటనేలికి గోరుచుట్టు.
నిమ్మకాయ తొడుక్కోని ఒక్కదాన్నే కూచున్నా.
చెంగల్రాయుడు మేస్త్రి పక్కన పడేసిన గుడ్డొకటి,
మూల చిరిగింది, రెండు మూరలుంటాది.
ఎదురుగా పటిక నీళ్ళ ముంత.
గుర్తుకోసం కలిపే రంగు ఇంకా కలపలా.
ఉత్త నీళ్ళు. గీసింది గీసినట్టే ఆరిపోతాది.

ఎడంచెయ్యి కలం తీసుకునింది.
నేనియ్యలా. అదే తీసుకునింది.

దాని సంగతి చెప్పాల.
నా ఏడో ఏట మా నాయన
దాన్ని నా నడుముకి కట్టేసినాడు,
కలానికి చుట్టే దారంతోనే.
"ఎడంచేత్తో గీస్తే సామి వంకర చూస్తాడు" అన్నాడు.
మంచోడే. కోపంతో కట్టలా.
ముడి గూడా వదులుగానే ఏసినాడు,
లాగితే వచ్చేస్తాది.
నేనే లాగలా.

ఆ పొద్దు అది గీస్తా ఉంటే
పక్కింటిదాని మాదిరి చూస్తా కూచున్నా.
కొంచేపు బెదురుబెదురుగా పోయింది,
కొత్త సందులోకొచ్చిన దూడ లెక్క.
తర్వాత గబగబా, దారి తెలిసినట్టు.
ఏం గీస్తా ఉందో అగపడదు.
గుడ్డ మీద చల్లటి తడి, అంతే.
ఒకచోట ఆగింది. నొక్కింది.
మళ్ళీ మళ్ళీ ఆడనే నొక్కింది.
గుండెలో ఏదో కదిలిందని చెప్పను,
నిజానికి ఆకలేసింది.
అట్లాంటి ఆకలి నా జన్మలో వెయ్యలా.
గిన్నెలో సంగటీ ఊరిబిండీ అంతా తినేసినా,
ఎడంచేత్తోనే.

రెండు దినాలు ఆరినాక
మంజిష్ఠ కాగే అండాలో ఏసి
కట్టెతో తిప్పతా తిప్పతా ఉంటే
పటిక తగిలిన చోటల్లా
ఎరుపు పైకొచ్చింది.

దేవుడు లేడు.
అయిదు కాళ్ళ కుక్క. తలుపు లేని గడప.
గడప మీద చెప్పులు, అన్నీ ఒకే కాలివి, ఆరో ఏడో.
మనిషో చెట్టో తెలీనిదొకటి,
జుట్టు మంట మాదిరి పైకి లేచి.
ఆ నొక్కిన చోట గుండ్రంగా, ముద్దగా,
తాటికాయో, మొఖమో,
ముడో.
గీతలన్నీ బిడ్డల గీతలు.

నాకు యాభైయొకటి.
దానికింకా ఏడే.
కట్టేసిన దినం కాడే ఆగిపోయి
ఇన్నేళ్ళూ నా పక్కనే
ముంత పట్టుకోని, గుడ్డ బిగలాగి పట్టుకోని
కుడిచేతికి ఊడిగం చేస్తా ఉండింది,
ఒక్క మాటైనా అడక్కుండా.

స్వర్ణముఖిలో నీళ్ళు లేవు, మామూలే.
బోరింగు కాడ జాడిస్తా ఉంటే
మేస్త్రి వచ్చి నిలబడినాడు.
శానాసేపు చూసినాడు.
"ఎవురి బిడ్డ మే, గీసింది?"
"మా ఇంట్లోదే."
"బడికి పోతా ఉందా?"
గుడ్డ పిండి దండేనికేసినా.
"ఇంకా చేర్చలా, మేస్త్రీ."