నీళ్లు రాకముందా, వచ్చాకా

రెండు నిమిషాలు. ఒక్క సెకను ఎక్కువైనా మార్కులు పోతాయన్నారు సారు.
బోర్డు మీద ఐదు గళ్లు గీశారు:
సమస్థితి, దానికి గండి, గండిని గుర్తించడం,
పూడ్చడం, మళ్లీ ఇంకో సమస్థితి.
"ప్రారంభానికి మొదటి రెండూ చాలు,
మిగతాది చూడ్డానికే జనం కూర్చుంటారు."
గండి అన్న మాటకి మేం నవ్వాం.
ఏసురత్నం నవ్వలేదు.
వాళ్లది సింగ్‌నగర్.

థ్రిల్లర్ కాబట్టి మొహం ముందే చూపించకూడదు.
చేతులు, కత్తెర, దారం తెగిన చప్పుడు,
ఎవరివో తెలియని జాకెట్టు కొలతలు.
ప్రశ్న పుట్టాలి, జవాబు దాగాలి
అని నోట్సులో ఎర్రసిరాతో రాసుకున్నాను.
ఒకటే దీపం, పక్కనుంచి. సగం గది చీకటి.
అడుగున సన్నగా గుమ్మనే మోత ఒకటి.
దాన్ని మెహతాబ్ పాయకాపురం ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర
అర్ధరాత్రి పట్టుకొచ్చింది, కుక్కల అరుపులతో సహా.

కుట్టుమిషను నాగూర్‌బీది. ఇల్లూ ఆవిడదే.
ట్రైపాడ్ నిలబడలేదక్కడ,
బండల కింద మట్టి కుంగిపోయింది.
ఒక కాలి కింద పాత పేపరు మడిచిపెట్టి
కెమెరాలోంచి చూస్తే
కూర్చున్న ఆవిడ తలకి జానెడు పైన
గోడకి అడ్డంగా, ఈ మూల నుంచి ఆ మూలకి,
టీ మరకలాంటి గీత.

ఫ్రేము మార్చాను. గీత వచ్చింది.
కెమెరా దించాను. గీత వచ్చింది.
క్యాలెండరు తగిలించాడు వినీల్.
అది తనంత మేర దాచింది,
రెండు పక్కలా గీత నడుస్తూనే ఉంది.
"సున్నం కొడదామా పిన్నీ?"
"రెండుసార్లు కొట్టా బాబూ. పైకొస్తది."

అప్పుడడిగింది, సూదిలోకి దారం ఎక్కిస్తూ:
"ఇంతకీ ఇది ఏ రోజమ్మా?
నీళ్లు రాకముందా, వచ్చాకా?
ముందైతే దీనికి మోటారుండేది, కాలితో తొక్కేదాన్ని కాదు.
అది చూసుకుని కూర్చోవాలి గదా నేను."

మా స్క్రిప్టులో ఆ గడి లేదు.

పాత్రల పట్టికైనా నిలబడుతుందేమోనని తీశాం.
నాయకుడు, ప్రతినాయకుడు, సాయపడేవాడు, పంపేవాడు.
పొద్దున పడవ మీద వచ్చి
మేడల మీదికి పాలప్యాకెట్లు విసిరిన కుర్రాడు
సాయంత్రం అదే పడవెక్కడానికి మనిషికి వెయ్యి అడిగాడంట.
"ఆణ్ణి ఎందులో రాసుకుంటారు?"
వినీల్ పెన్నుకి మూత పెట్టేశాడు.
"మంచోడేలే," అంది, "ఆడి ఇల్లూ మునిగింది."

కిటికీ తెరిచాం. దీపం ఆర్పేశాం.
మొహం దాచలేదు.
మెహతాబ్ మోత ఫోన్లోనే ఉండిపోయింది,
మూడు రాత్రుల కష్టం, అలిగింది కాసేపు.
సినిమా పేరు ఎక్కడ వెయ్యాలన్న గొడవ మాత్రం రాలేదు.
గీత మీదే. పిట్టలు తీగ మీద కూర్చున్నట్టు
అక్షరాలు, గోడ పొడవునా.

నలభయ్యో సెకను దగ్గర గండి పడాలి.
తలుపు ఎవరో కొట్టాలి, అది మేం రాసుకున్నది.
కొట్టాల్సిన వినీల్ బయట ఫోనులో ఉన్నాడు.
నాగూర్‌బీ తొక్కడం ఆపింది.
కిటికీలోంచి మబ్బుకేసి చూసింది.
లేచి, కింది అరలో గుడ్డలు తీసి
ఎవరి చీటీ వాళ్ల గుడ్డకే ఉందో లేదో చూసుకుంటూ
ఒక్కొక్కటే అటక మీదికి ఎక్కించింది.
మేం చెప్పలేదు.
ఏసురత్నం కట్ అనడం మర్చిపోయాడు.

సారు రెండుసార్లు చూశారు.
"బాగానే ఉంది. ఇందులో సమస్థితి ఏది?"
"అదేనండి," అన్నాడు ఏసురత్నం.
ఇరవైకి పదమూడు.

ఆరోజు వాన పడలేదు.
గుడ్డలు మళ్లీ దించిందో లేదో తెలీదు.
ఐదింటికల్లా కెమెరా బీసెంట్ రోడ్డులో అప్పజెప్పాలి,
ఆటో బేరమాడుతూ వచ్చేశాం.