హీటరు స్విచ్చి దగ్గర

నాన్న ప్లిమత్ కారుని మంచులోకి తోసేసి
దాని జాగాలో డ్రమ్ములు పెట్టారు.
నూనె మరక మీద పాత కంబళి,
గోడలకి కోడిగుడ్ల అట్టలు,
మైకుకి అమ్మ మేజోడు.
డులూత్. అరవై ఆరు, జనవరి.
ఇనపరాయి మోసే ఓడలన్నీ గడ్డకట్టిన సరస్సులో
కాళ్ళు ముడుచుకు పడుకున్న నెల.

నాకు పదకొండేళ్ళు.
నా ఉద్యోగం హీటరు.

దాని ఫ్యాను హోరు టేపులోకి ఎక్కేస్తోందని
పాట ఎత్తుకునే ముందు ఆపాలి,
ఇత్తడి పళ్ళేల మోత చల్లారాక వెయ్యాలి.
ఆర్వో అన్నయ్య గడ్డం ఎగరేస్తే ఆపు.
రేనో పుల్లలు చంకలో పెట్టుకుంటే వెయ్యి.
అంతకు మించి సంగీతం నాకప్పుడూ తెలీదు,
ఇప్పుడూ తెలీదు.

ఆపిన కాసేపటికే ఊపిరి కంటికి కనిపించేది.
నిమిషంన్నరకి ఓస్కర్ వేళ్ళు కొంకర్లు పోయేవి.
రెండు నిమిషాలు దాటితే గిటారు తీగలు
శ్రుతి వదిలేసి ఎవరి దారిన వాళ్ళు పోయేవి.
అందుకని పరుగు.
రెండో చరణం సగం మింగేసి
మూడోది రాసుకున్న సంగతే మరిచిపోయి
వెనక కుక్క పడ్డట్టు పరుగు.

రెండు రాత్రుల్లో పదకొండు పాటలు.
టేపు యంత్రం లూథరన్ చర్చిది,
ఆదివారం ప్రసంగం వేళకి తిరిగిచ్చేయాలి.

మూడొందల రికార్డులు. అట్టలు మామ్మ
మైదా జిగురుతో వంకరగా అతికించింది.
ముందు "ది టిన్ మిటెన్స్" అని పేరు,
వెనక కృతజ్ఞతలు:
పాస్టరుగారికి, మామ్మకి,
హీటరు అరువిచ్చిన హార్డ్‌వేరు కొట్టుకి.
నా పేరు లేదు.

"ఇరవై రెండు నిమిషాలకి మూడు డాలర్లా?"
అన్నాడు నాన్న, ఒకటి కొని.
నూట పన్నెండు అమ్ముడుపోయాయి.
ఒక వసంతంలో నేలమాళిగకి నీళ్ళొస్తే
మిగిలినవి బస్తాల్లో కట్టి బయట పెట్టాం.
రేనో వియత్నాం నుంచి తిరిగొచ్చాడు,
అతని కుడి చెవి రాలేదు.
ఓస్కర్ పైకప్పులు వేసే పనిలో కుదిరాడు.
గ్యారేజీలోకి మళ్ళీ కారు వచ్చింది.

నలభై ఏళ్ళకి బెల్జియం నుంచి ఒకాయన ఫోను.
నాన్న కారు ఖరీదు కంటే ఎక్కువిస్తాడట, ఒక్క రికార్డుకి.
ఆ తొందరలో ఒక తరం కోపం ఉందన్నాడు.
ఆ క్లుప్తత ముందు తక్కినవన్నీ
నోటితుంపర్లేనన్నాడు.
ఆరో పాటలో ఆ గరగర ఏ వాయిద్యమండీ?
పక్కింటి హాగ్లండ్ గారు పారతో మంచు తీస్తున్నారు, అన్నాను.
వేళాకోళమనుకుని నవ్వాడు.
చలండీ, అంతా చలి, అన్నాను.
అది కూడా రాసుకున్నాడు, గొప్ప మాటన్నట్టు.

తర్వాత సీడీ వచ్చింది, మెరిసే కాగితంలో.
చిన్నక్షరాల్లో ఎక్కడో గర్వంగా వేశారు:
"అనవసరమైన చప్పుళ్ళు తొలగించాం."
వృద్ధాశ్రమానికి పట్టుకెళ్ళాను.

ఆర్వోకి ఇప్పుడు రోజులు కలగాపులగం.
నన్ను ఒకపూట అమ్మ అంటాడు, ఒకపూట నర్సు.
పాట పెట్టగానే గడ్డం ఎగరేశాడు.
మొదటి పాట పరిగెత్తి పరిగెత్తి ఆగింది.
వేళ్ళు రెండూ గుప్పిళ్ళు చేసి
నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటూ కూర్చున్నాడు.
జూలై నెల. కిటికీ అవతల గడ్డి కోస్తున్నారు.

దేనికోసం చూస్తున్నాడో నాకు తట్టడానికి
మూడు పాటలు పట్టింది.
పాత రికార్డులో ప్రతి పాట చివరా
మోత చల్లారాక ఒక చిన్న శబ్దం ఉండేది.
పదకొండు పాటలకి పదకొండు.
అనవసరమైనదని తుడిచేశారు.

నాలుగో పాట అయింది.
అన్నయ్య గుప్పిళ్ళు ఇంకా నోటి దగ్గరే.
పక్కనున్న బల్ల మీద వేలితో కొట్టాను,
టక్.

చేతులు దించి ఒళ్ళో పెట్టుకున్నాడు.
"ఎంతసేపే ఇర్మా," అన్నాడు.