చప్పిడిముక్కు సంతకం

పుళియంతోపులో కార్పొరేషన్ గోడౌను మీది గది.
కింద బ్లీచింగు పౌడరు బస్తాలు,
పైన నా చరిత్ర పాఠం.
గ్రూప్ ఫోర్‌లో ఈ ప్రశ్న రాదు,
వచ్చినా అర మార్కుకి మించదు.
అయినా మొన్న కరెంటు పోయిన రాత్రి
సెల్‌ఫోను వెలుతురు గోడకి ఆనించి చెప్పాను.

పద్దెనిమిది వందల నలభై ఎనిమిది. ఏప్రిల్ పదో తేదీ.
లండన్‌లో వాన.
మగ్గం అన్నం పెట్టని నేతగాళ్ళు,
చెప్పులు కుట్టేవాళ్ళు, బొగ్గు తవ్వేవాళ్ళు
ఓటు కావాలని అర్జీ రాసుకున్నారు.
ఆరంటే ఆరే కోరికలు.
వంతెనల మీద పోలీసులు అడ్డం నిలబడితే
మనుషులు ఇవతలే ఆగిపోయారు.
అర్జీ ఒక్కటే బాడుగ బండెక్కి
నది దాటింది.

"ఎంత బరువు సార్?" అంది దేవకరుణ.
ఐదు టన్నులని వాళ్ళు చాటుకున్నారమ్మా,
తూకం వేస్తే మూడు వందల కిలోలు కూడా లేదు.

వెనక బెంచీలో నవ్వు.
వీళ్ళకి తూకం సంగతి నేను చెప్పాలా!
కొడుంగైయూర్ వేబ్రిడ్జి మీద
వానలో తడిసిన చెత్త ఎంత తూగుతుందో
ఎండినాక ఎంత మిగులుతుందో
మధ్యలో తేడా ఎవరి జేబు నింపుతుందో
కంచం ముందు కూర్చుని వీళ్ళ నాయనలు
రోజూ చెప్పే లెక్కే.

పదముగ్గురు గుమాస్తాలు, పదిహేడు గంటలు,
తలవంచి సంతకాలు లెక్కపెట్టారు.
యాభై ఏడు లక్షలన్నవి
ఇరవై లక్షలకి కూడా చేరలేదు.
రాణిగారి సంతకం దొరికింది, దొంగది. సరే.
చప్పిడిముక్కు అని ఒకడు,
పొడుగుముక్కు అని ఇంకొకడు.
సభ పొట్ట పట్టుకుని నవ్వింది.
అర్జీ ఆ నవ్వులోనే మునిగింది.

ఇక్కడ నేనూ నవ్వుతాను.
పన్నెండేళ్ళుగా ప్రతి బ్యాచ్‌కీ
ఇక్కడే నవ్వుతున్నాను.

దేవకరుణ నవ్వలేదు.
"మా అవ్వ పేరు కుప్పమ్మ సార్.
పోయినేడు మా జోన్ కాంట్రాక్టుకిచ్చినప్పుడు
రెండు వీధులూ కలిసి అర్జీ పెట్టాం.
కౌంటర్లో ఆయన పైకి చదివాడు:
కుప్పమ్మా కుప్ప ఎత్తేది?
ఎవరు పెట్టిన జోకిది, అసలు పేరు రాయండి అన్నాడు."

ఆమెకి అదే అసలు పేరు.
ముందు పుట్టిన నలుగురూ పోతే
ఐదో బిడ్డని చెత్తకుప్ప మీద దొర్లించి
చేటెడు తవుడిచ్చి తిరిగి కొనుక్కుంది తల్లి,
ఇది పనికిరానిదనుకుని
చావు పక్కింటి దాకా వెళ్ళి వెనక్కి పోవాలని.

"ఆ చప్పిడిముక్కాయన ఎవరో
ఎవరైనా వెళ్ళి చూశారా సార్?
వాళ్ళ వీధిలో ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళేమో."

లేదమ్మా. చూసినట్టు నేను చదవలేదు.
గుమాస్తాలకి పదిహేడు గంటలే పట్టింది.

తప్పించుకోవడానికి ఇంకో అంకె తీశాను:
ప్రతి లక్ష సంతకాల్లో
ఎనిమిది వేల చిల్లర ఆడవాళ్ళవి.
అడిగిన ఓటు మాత్రం మగవాళ్ళకే.

"మరి వాళ్ళెందుకు చేశారు?"

జవాబు నా నోట్సులో లేదు.
మెట్ల మీంచి వచ్చింది.
మనవరాలి కోసం వచ్చి
చీకట్లో ఎంతసేపటి నుంచి కూర్చుందో,
హాజరు మిషను గుర్తుపట్టని బొటనవేలితో
వక్కపొడి నలుపుకుంటూ కుప్పమ్మ అంది:

"చేతికి అలవాటవ్వాలి కదయ్యా."

మళ్ళీ తెల్లవారుజామున నాలుగింటికి మస్టరు.
పిల్ల చెయ్యి పట్టుకుని దిగిపోయింది.
బ్లీచింగు వాసన మెట్లెక్కి పైకొచ్చింది.
ఎదర పేజీలో ఏముందో
ఫోను చార్జింగు అయిపోయి
ఆ రాత్రి నేను చదవలేదు.