వంకర సిలువ

నా కుడి మణికట్టు మీది సిలువ కాస్త వంకర.
నాలుగేళ్ళప్పుడు చెయ్యి లాక్కున్నానట.
పచ్చబొట్లు పొడిచే వదీ సూదిమిషన్ ఆపేలోగా
అడ్డకొయ్య జారి
చిటికెనవేలి వైపు పోయింది.
"పోన్లే, నిలువుది నిలబడింది కదా" అందట తఫీదా అమ్మమ్మ,
వాడి చేతిలో రెండు పౌండ్లు, నా నోట్లో చెరకు ముక్క పెట్టి.

కైరో నిద్ర లేవకముందే
నాన్న బండి మొకత్తం కొండ దిగేది.
ఆరేసి అంతస్తులు ఎక్కి, తలుపు తలుపుకీ ఆగి,
నగరం వద్దనుకున్నదంతా
గంపలో, వీపు మీద మోసుకొచ్చేవాడు.
మధ్యాహ్నానికి మా ఇంటి కింది గదిలో గుట్ట.
దాని చుట్టూ అమ్మ, నేను, తమ్ముడు బఖీత్.
ప్లాస్టిక్ ఇటు, రేకు అటు,
ఎండు రొట్టెలు, పందులున్న రోజుల్లో, పందులకి.
గాజు కనబడితే అమ్మ "మెల్లిగా" అనేది, ప్రతిసారీ.
ఆస్పత్రి సూదుల గురించి అనేది కాదు.
అవి కనబడవు.

ఆ గుట్టలోకి రోజూ ముందు దిగేది నా కుడిచెయ్యి,
అంటే ఆ వంకర సిలువ.
మోచేతి దాకా.
కుళ్ళిన టమాటాల్లోకి, పసిపిల్లల గుడ్డల్లోకి,
ఎవరో నిలువునా చించి పారేసిన
పెళ్ళి ఫోటోలోకి.

ఆదివారం, కొండ తొలిచిన గుడిలో,
అబూనా సెరాబియోన్ చేతిలోని వెండి సిలువని ముద్దు పెట్టుకుంటాం.
దానికి సాంబ్రాణి వాసన, కొంచెం సబ్బు వాసన.
పెదవులు ఆనించినప్పుడల్లా నాకో అనుమానం:
అసలుది ఏం వాసన వేసి ఉంటుంది?
ఊరి బయట, దారి పక్కన, ఈగల మధ్య.
అంతకు ముందు వారం ఇంకెవరినో మోసిన కొయ్యేనేమో.
మేకులు మాత్రం పీకి, సాగగొట్టి, మళ్ళీ వాడే ఉంటారు.
ఇనుము ఎవరూ పారెయ్యరు.
ఆ సంగతి నాకు తెలుసు, కిలో ధరతో సహా.

మన అప్పు ఆయన తీర్చాడంటాడు అబూనా.
కాదనను. చదువుకున్నవాడు, లెక్క సరిగ్గానే ఉంటుంది.
నాకు అర్థమైంది ఇంతే:
చెత్త ఎక్కడ పోస్తారో అక్కడిదాకా వచ్చాడు.
గంప బోర్లించినట్టు
ఊరంతా కలిసి బోర్లించిన మనిషి.
మూడోనాడు, ఇంకా చీకటుండగానే,
ఎవరో ఏరుకున్నారు.
చీకటుండగానే.
మా వేళ అది.

బఖీత్ ఇప్పుడు సముద్రం పక్క హోటల్లో పని చేస్తాడు.
మొదట సిలువ మీద గడియారం పెట్టుకున్నాడు.
తర్వాత గడియారం తీసేశాడు, సిలువ కూడా.
అక్కడ నున్నటి, తెల్లటి మచ్చ.
ఏ ఆకారమైనా మిగిలిందేమోనని వెతికాను,
వాడు నిద్రపోతున్నప్పుడు, ఫోన్ వెలుగులో.
లేదు.
అమ్మ శవపేటికకి ముందువైపు కుడిమూల
ఆ చెయ్యే పట్టింది. దాన్నేమనను?

ఇవాళ మార్ గిర్గిస్ తిరునాళ్ళ.
బెలూన్లు, వేయించిన శనగలు, కరెంటు పోతూ వస్తూ.
వదీ పోయాడు, కొడుకు కూర్చున్నాడు అదే స్టూలు మీద.
నా ఒళ్ళో వనీస్, నాలుగేళ్ళు నిండి తొమ్మిది రోజులు.
"నొప్పెడుతుందా?"
"పెడుతుంది."
"మరి ఎందుకు?"
అబూనా అయితే ఏదో ఒకటి చెప్పేవాడు.
నేను నా మణికట్టు తిప్పి చూపించాను.
వాడు ఆ వంకర మీద వేలు పెట్టి,
"ఇక్కడ పరిగెత్తింది" అన్నాడు.

సూది గుయ్యిమంది.
"గట్టిగా పట్టుకో అమ్మా, కదలనివ్వకు" అన్నాడు వదీ కొడుకు.
పట్టుకున్నాను.
గట్టిగా కాదు.
లాక్కోవాలనిపిస్తే లాక్కునేంత
వదులుంచి.