పొట్టి గేరు

గాజువాక షోరూములో కుర్రాడు
తెల్ల కారు చుట్టూ తిప్పి చూపించాడు.
"ఆల్ వీల్ డ్రైవ్ మేడమ్, మీరేమీ చెయ్యక్కర్లేదు.
ఏ చక్రం జారుతోందో దానికే తెలుస్తుంది.
మీకు తెలిసేలోపు మిగతా వాటికి బలం పంపేస్తుంది."

నాకు తెలిసేలోపు.
ఆ మాట దగ్గర కాస్త ఆగాను.

బయట విశాఖ డిసెంబరు.
మెడ వెనక చెమట,
పోర్టు వైపు నుంచి బొగ్గుపొడి కలిసిన ఉప్పుగాలి.
ఏసీ కింద నిలబడి
లంబసింగి చలికి బండి బేరమాడుతున్నాను.

కంచరపాలెంలో పాత్రో గారి షెడ్డులో ఇంకొకటి ఉంది.
ముదురాకుపచ్చ జీపు,
డోరు మీద ఎవరిదో పేరు గీకేసిన మచ్చ,
గేరు రాడ్డు పక్కన ఇంకో పొట్టి రాడ్డు.
"ఇది ఫోర్ వీలమ్మా. అడిగితేనే వస్తాది.
అడక్కపోతే వెనక రెండే లాగుతాయి.
ఎండిన తారు మీద నాలుగూ కలిపేసి మలుపు తిప్పేవనుకో,
పళ్ళు కొరుకుతాది, లోపలేదో ఇరుగుతాది.
బురదలో ఎయ్యాల, రోడ్డెక్కేక తియ్యాల.
మరిచిపోనోళ్ళకే ఈ బండి."

నేనా?
గ్యాసు కట్టానో లేదోనని
ఎన్‌ఏడీ దగ్గర బస్సు దిగి
ఇంటికి వెనక్కి నడిచిన మనిషిని.

మాది స్ట్రాబెర్రీ బేరం. నేనూ, తోటికోడలు వరహాలూ.
కొండ మీద వంతాల చిలకమ్మ మడిలో
తెల్లారకముందే కోయాలి,
ఎండెక్కకముందే ఎంవీపీ రైతుబజారులో దించాలి.
పక్క పండు ఒరిగితేనే కందిపోయే పండు.

కిందటేడు అద్దె వ్యాను.
మడి నుంచి రోడ్డుకి రెండు ఫర్లాంగుల ఎర్రమట్టి,
రాత్రంతా మంచు తాగి సబ్బుబిళ్ళ అయిన మట్టి.
చక్రం తిరుగుతూనే ఉంది,
బండి మాత్రం పొర్లుదండాలు పెట్టినట్టు పక్కకి, పక్కకి.
వరహాలు దిగి వెనక నుంచి తోసింది.
ఒక్కసారి పట్టు దొరికి వ్యాను ఉరికింది.
అద్దంలో చూస్తే
మొహం లేదు, ఎర్రమట్టిలో రెండు కళ్ళు, పళ్ళు.
నవ్వుతోంది.
ఆ రోజు అరవై పెట్టెలు జామ్ ధరకి పోయాయి.

డౌనూరు దాటాక ఘాటు మీద
పొగమంచు కారి తడిసిన తారు,
ఒక మలుపు తడి, మరో మలుపు పొడి.
అక్కడ పొట్టి రాడ్డు వెతుక్కునే తీరిక ఎవరికుంది?
అక్కడ తెల్ల కారే మేలు.
మడిలో దాని కడుపు మట్టికి ఆనుతుంది.
అక్కడ జీపే.
వారం రోజులు ఇదే లెక్క,
అన్నం కలుపుతూ, కూరలో ఉప్పు రెండుసార్లు వేస్తూ.

చివరికి వరహాలుని షెడ్డుకి తీసుకెళ్ళాను.
అంతా విని, జీపు బానెట్ మీద చెయ్యి ఆన్చి అడిగింది:
"ఎక్కడానికి నాలుగూ లాగుతాయి, సరే.
ఎక్కేటప్పుడు బండిలో పళ్ళుండవు కదేటి.
దిగేటప్పుడే ఉంటాయి.
దిగేటప్పుడు ఏది పట్టుకుంటాది?"

పాత్రో గారు బీడీ ఆర్పేశారు.
టైరు గాడిలో గోరు దించి చూపించారు.
గోరు సగం కూడా మునగలేదు.
"దిగేటప్పుడు ఏ బండైనా ఒకటేనమ్మా.
ఇదీ, సెకండు గేరూ, నీ భయమూ."

చీటీ డబ్బులో జీపు పోగా మిగిలినదంతా
నాలుగు కొత్త టైర్లకి పెట్టాం.
ముచ్చటపడ్డ సీటు కవర్లు మానేశాం.

మొదటి రాత్రి ఒంటిగంటకి బయలుదేరితే
వరహాలు నర్సీపట్నం దాకా గురక.
మడిలో పొట్టి రాడ్డు లాగాను.
జీపు ఒకసారి మూలిగి,
మట్టిని కరిచి పట్టుకుని,
పెట్టె కదలకుండా పైకొచ్చింది.
నేను ఉబ్బితబ్బిబ్బయి
చిలకమ్మకి చెయ్యి ఊపుతూ రోడ్డెక్కేశాను.
మంచులో ఎదురుగా లారీ దీపాలు, పసుప్పచ్చగా, ఎంత దూరమో తెలియకుండా.
మొదటి మలుపు ఇంకా రాలేదు.

దుప్పట్లోంచి గొంతు:
"తీసేవా?"

అప్పుడు తీశాను.